వారానికి ఒక్క మాత్ర మాత్రమే

స్లైగోలో, చేపల కోల్డ్ స్టోరేజీ వెనకాల హాలు.
ముప్పై ఏడు కుర్చీలు. ఒకదానికి కాలు విరిగింది,
దానికీ టిక్కెట్టు అమ్మాం.
బయట వాన. ఇక్కడ వాన పడుతోందని ఎవరూ చెప్పుకోరు,
ఆగితే చెప్పుకుంటారు.

నేను నొరీన్ని. తెర పక్కన స్టూలేసుకుని
మాట మరిచిపోయినవాళ్లకి మాట అందిస్తాను.

నాటకం రాసింది ఫీక్రా, మాజీ కార్పొరల్.
ఏదో ఎడారి దేశంలో శాంతికి కాపలా కాసి వచ్చాడు.
సోమవారం సోమవారం ఒక్క మాత్ర మాత్రమే,
వరసలో నిలబెట్టి, నాలుక చాపించి,
మింగాడో లేదో చూసి మరీ.
దోమలు కుట్టాయి, జ్వరం రాలేదు.
కంపెనీ అబద్ధమాడలేదు, జ్వరం తప్ప
మిగతావన్నీ వచ్చాయి.
ఉత్తరాలు రాస్తే
వాళ్లకి చీమ కుట్టినట్టయినా లేదు.

మాత్ర పేరు స్టేజీ మీద పలకొద్దన్నాడు లాయరు.
అందుకని దాన్ని డార్లింగ్ అంటాం.
ఆ వేషం డర్వ్‌లాది, పొద్దున చేపలు కోసే పిల్ల.
రెండు తెల్లగొడుగులు కలిపి కుట్టిన గుండ్రటి గౌను,
నడుం మీద అడ్డంగా నల్లగీత, సగానికి విరవడానికి.
తలుపులోంచి పట్టదు. పక్కకి తిరిగి వస్తుంది.
మొదటి నవ్వు అక్కడే.

రెండోది మంచం కింద.
సిపాయి వేసే లోర్కన్ అర్ధరాత్రి లేచి
తన బూట్లని విచారణ చేస్తాడు.
ఎడమది నేరం ఒప్పుకుంటుంది.
కుడిది లాయర్ని అడుగుతుంది.
జనం పొట్టలు పట్టుకుంటారు.
"ఇది కల్పించింది కాదు నొరీన్,
కుడి బూటుని కాల్చేశాను కూడా.
నమ్మరని అది రాయలేదు."

తర్వాత పబ్బు.
ఆ మందు ఎత్తుకుపోయిన నిద్రని
ఈ మందులో వెతుక్కుంటాడు సిపాయి.
పక్క స్టూలు మీద నిలవలేక దొర్లుతూ
డార్లింగ్ కాగితం విప్పి చదువుతుంది, ప్రార్థనంత భక్తిగా:
కొట్టొచ్చినట్టు కనబడే కలలు.
అరుదుగా, గోడలు వినడం.
మరీ అరుదుగా, గోడలు జవాబివ్వడం.
ఎవరినైనా చంపాలనిపిస్తే వెంటనే డాక్టరుని కలవండి,
ఆ ఎవరైనా డాక్టరే అయితే తప్ప.

ఫీక్రా తన వేషం తను వెయ్యడు. డాక్టరు వేస్తాడు.
ఒకటే డైలాగు, పదకొండుసార్లు:
"ఇంతకుముందు నుంచే నీకేమైనా ఉండేదా?"
ఏడోసారి ప్రతి రాత్రీ ఆగిపోతాడు.
మరుపు కాదు, నాకు తెలుసు. నేను అందించను.
లోపల లెక్కపెడతాను. తొమ్మిదికి అంటాడు.
ఆ తొమ్మిదికీ జనం నవ్వుతారు.

ఆఖరి రాత్రి మూడో వరసలో ఒక పెద్దాయన.
కాలు విరిగిన కుర్చీ ఆయనకే పడింది.
బూట్లకి నవ్వాడు. గొడుగులకి నవ్వాడు.
డాక్టరు మాటకి మాత్రం అందరికన్నా ముందే నవ్వేవాడు,
మాట సగంలో ఉండగానే.

ఏడోసారి ఫీక్రా ఆగాడు.
తొమ్మిది దాటింది. పధ్నాలుగు. పదిహేను.
నా పెదవి కదిలేలోపు
మూడో వరసలోంచి అందింది మాట,
అలవాటైన గొంతుతో, మెల్లగా:
"ఇంతకుముందు నుంచే నీకేమైనా..."

ఫీక్రా తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించాడు.
అటెన్షన్‌లో నిలబడ్డాడు, మడమలు చప్పుడయ్యేట్టు.
"ఉండేది సార్," అన్నాడు.
"నిద్ర ఉండేది."

హాలు కూలిపోయేలా నవ్వారు.
ఇది నా పుస్తకంలో లేని మాట.
పెన్సిల్ చేతిలోనే ఉంది, ఎక్కడ రాయాలో తెలీలేదు.

అందరూ వెళ్లాక ఆయనింకా కూర్చునే ఉన్నాడు,
కుర్చీ ఒరగకుండా ఒక కాలు బిగపట్టి.
మా ప్రోగ్రాం కాగితం మాత్రల పెట్టెలో కాగితంలాగే అచ్చేశాం,
పన్నెండు మడతలు, ఆవగింజ అక్షరాలు.
అది నాకు చాపాడు.
"చదివిపెట్టమ్మా. ఇంత చిన్న అక్షరాలు
నేనెప్పుడూ చదవలేదు."

వాన ఆగినట్టుంది. ఇద్దరం ఆ మాట అనుకోలేదు.
మొదటి మడత విప్పాను.